ఆడేది అమ్మాయిలు, ధర చెప్పేది ఎవరు?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మాట్లాడాలని మన కార్యదర్శిగారు ఫోన్ చేసినప్పుడు ఒక షరతు పెట్టారు. "పాత ముచ్చట్లు అందరూ చెప్తారు. మీరు మాత్రం ఇప్పటి పిల్లలకు పనికొచ్చేదేదైనా చెప్పండి" అన్నారు. నేను ఇంజనీరును కాబట్టి యంత్రాల గురించో కంప్యూటర్ల గురించో చెప్తానని ఆయన అనుకుని ఉంటారు. నేను ఎంచుకున్న విషయం వేరు. ఆటను బతుకుదెరువు చేసుకున్న ఆడపిల్లల జీతాలు, వాళ్లు సంతకం పెట్టే ఒప్పందాలు, ఆ ఒప్పందాల వెనక జరిగే బేరం, లేదా జరగని బేరం. ఇవాళ దీని గురించే మాట్లాడతాను.

ఈ విషయం ఎందుకంటే, ఈ మధ్య సాయంత్రం పూట లాల్‌దర్వాజా నుంచి శాలిబండ వైపు నడుస్తుంటే క్రికెట్ కిట్టు భుజాన వేసుకుని, బ్యాడ్మింటన్ బ్యాటు వీపుకు తగిలించుకుని ఆటోల కోసం నిలబడ్డ ఆడపిల్లలు కనిపిస్తున్నారు. మన రోజుల్లో ఇది లేదు. వీళ్లలో ఒకరిద్దరైనా రేపు పైసలకు ఆడతారు. అప్పుడు వాళ్ల ముందుకు ఒక కాగితం వస్తుంది. దాన్ని ఎట్లా చదవాలో వాళ్లకు ఎవరు చెప్తారు?

నేను ఆటగాణ్ణి కాదు. కానీ ఉద్యోగ జీవితంలో వేతన ఒప్పందాల చర్చల్లో చాలాసార్లు కూర్చున్నాను, అదీ యాజమాన్యం వైపు. కార్మిక సంఘం కోర్కెల పత్రం ఇస్తుంది. మేం లెక్కలు తీస్తాం. వారాలు, ఒక్కోసారి నెలలు మాట్లాడుకుంటాం. కుదరకపోతే కార్మిక శాఖ అధికారి మధ్యవర్తిగా వస్తారు. చివరికి రెండు వైపులా సంతకాలు పడతాయి. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద 12(3) ఒప్పందం అంటే ఏమిటో ఇక్కడ ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైన అన్నలకు నేను చెప్పనక్కరలేదు. అందులో రూపాయి ఎంత పెరిగిందన్నది ఒక్క పేరానే. మిగతా పేజీలన్నీ ఎవరికి వర్తిస్తుంది, ఎప్పటిదాకా, ప్రమాదం జరిగితే ఏమిటి, మధ్యలో మార్చాలంటే ఎవరిని అడగాలి అన్నవే. కార్మికుడికి భద్రత ఆ పేజీల్లోనే ఉంటుంది.

ఇది ఫ్యాక్టరీ వాళ్ల విద్య మాత్రమే కాదు. బోనాలు వస్తున్నాయంటే సింహవాహిని మహంకాళి గుడి చుట్టుపక్కల గల్లీల్లో డప్పుల వాళ్లతో బేరాలు మొదలవుతాయి. ఎంతమంది రావాలి, ఎన్ని గంటలకు, ఊరేగింపు ఎక్కడిదాకా, మధ్యలో చాయ్, తిండి ఎవరిది, సోమవారం కూడా వాయించాలా? అన్నీ తేల్చుకుని, బయానా చేతిలో పడ్డాకే మాట ఖాయం. చదువు లేకపోయినా ఆ విద్య వాళ్లకు తెలుసు. దేశం తరఫున ఆడే అమ్మాయిలకు ఆ పాటి మాట చెల్లుబాటు ఉందా అన్నదే నా ప్రశ్న.

మన హైదరాబాదు సంగతితోనే మొదలుపెడతాను.

గుత్తా జ్వాల మన నగరంలో పెరిగిన అమ్మాయి. లాల్ బహాదూర్ స్టేడియంలో ఆరిఫ్ సాబ్ దగ్గర ఆట నేర్చుకుంది. అశ్విని పొన్నప్పతో కలిసి 2010 కామన్వెల్త్ క్రీడల్లో డబుల్స్ స్వర్ణం, 2011 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం గెలిచింది. 2013లో ఇండియన్ బ్యాడ్మింటన్ లీగ్ మొదలైంది. ఆరుగురిని ఐకాన్ ఆటగాళ్లన్నారు. జ్వాల, అశ్విని అందులో ఉన్నారు. ఐకాన్ ఆటగాళ్లకు కనీస ధర 50,000 డాలర్లు. తర్వాత నిర్వాహకులు మహిళల డబుల్స్‌ను లీగ్ నుంచి తీసేసి, ఆ చోట పురుషుల సింగిల్స్ ఇంకొకటి పెట్టారు. అంటే ఈ ఇద్దరి అసలు పనే లేకుండా పోయింది. దాంతో వేలంలో వీళ్ల కనీస ధరను 25,000 డాలర్లకు తగ్గించారు. జ్వాల 31,000కు, అశ్విని సరిగ్గా 25,000కు అమ్ముడుపోయారు. ఆ వేలంలోనే మన సైనా నెహ్వాల్‌కు 1,20,000 డాలర్లు పలికాయి.

తేడా సొమ్ము తర్వాత ఎట్లా సర్దారన్నది వేరే మాట. డబుల్స్‌కు గిరాకీ తక్కువ అనే వ్యాపార వాదన కూడా ఉండొచ్చు. ఆ ఇద్దరు బహిరంగంగా చెప్పిన అభ్యంతరం మాత్రం ఇది: ధర తగ్గిస్తున్నామని మాకు ముందు చెప్పలేదు. నేను ఇరవై ఏళ్లకు పైగా చూసిన చర్చల్లో ఇంత చిన్న కోరిక ఏ సంఘమూ పెట్టలేదు. మమ్మల్ని అడగండి అని కూడా కాదు, మాకు చెప్పండి అని. క్యాంటీన్‌లో చాయ్ ధర అర్ధ రూపాయి పెంచాలన్నా మేం నోటీసు బోర్డు మీద కాగితం అంటించేవాళ్లం.

ఆ తర్వాత అదే లీగ్‌లో ఒక మ్యాచ్ దగ్గర జరిగిన గొడవ మీద జ్వాలకు జీవితకాల నిషేధం విధించాలనే సిఫారసు దాకా వెళ్లింది. ఆమె కోర్టుకెక్కింది. 2013 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు ఆమెను ఆడనివ్వాలంది. ఆ గొడవలో తప్పెవరిదో నేను తేల్చను. ఒక్కటి గమనించండి. ఆటగాళ్ల తరఫున మాట్లాడే సంఘం లేనప్పుడు, మొదటి మెట్టే హైకోర్టు అవుతుంది. హైకోర్టు మెట్లెక్కగల ఆడపిల్లలు ఎంతమంది?

ఇక క్రికెట్. సికింద్రాబాద్‌లో పెరిగిన మిథాలీ రాజ్ 1999లో ఐర్లండ్ మీద మొదటి వన్డేలోనే సెంచరీ కొట్టింది. 2005లో ఆమె కెప్టెన్‌గా జట్టు ప్రపంచ కప్ ఫైనల్ దాకా వెళ్లింది. ఆ కప్‌లో తమకు దక్కింది మ్యాచ్‌కు 1,000 రూపాయలని ఆమే తర్వాత చెప్పారు. అప్పట్లో మహిళల క్రికెట్‌ను 1973లో పుట్టిన వేరే సంఘం నడిపేది, దాని దగ్గర పైసలు లేవు. మరి ఆ అమ్మాయిలు ఎట్లా బతికారు? మిథాలీతో సహా చాలామందికి రైల్వే ఉద్యోగమే ఆధారం. నాకు ఇందులో ఒక విచిత్రం కనిపిస్తుంది. క్రికెట్ ఆడినందుకు వాళ్లకు బేరమాడే సంఘం లేదు. కానీ వాళ్ల జీతం మాత్రం రైల్వే కార్మిక సంఘాలు పోరాడి సాధించుకున్న స్కేళ్ల ప్రకారం వచ్చింది. పట్టాల మీద గ్యాంగ్‌మన్ చేసిన పోరాటం ఫలితం పిచ్ మీద బ్యాటింగ్ చేసే అమ్మాయికి కూడు పెట్టింది.

2006లో మహిళల క్రికెట్ బీసీసీఐ కిందికి వచ్చింది. వార్షిక కాంట్రాక్టులు రావడానికి ఇంకా తొమ్మిదేళ్లు పట్టింది. 2015లో మొదటిసారి ఎ గ్రేడుకు 15 లక్షలు, బి గ్రేడుకు 10 లక్షలు ఇచ్చారు. 2018లో పై గ్రేడు 50 లక్షలయింది. అదే ఏడాది పురుషుల పై గ్రేడు 7 కోట్లు. 2022 అక్టోబరు 27న బోర్డు మ్యాచ్ ఫీజులు సమానం చేస్తున్నట్టు ప్రకటించింది. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టీ20కి 3 లక్షలు. మంచి నిర్ణయం. ప్రపంచంలో అతి ధనిక క్రికెట్ బోర్డు ఆ పని చేయడం చిన్న విషయం కాదు. మనస్ఫూర్తిగా అభినందిద్దాం.

అభినందించాక లెక్క కూడా చూద్దాం. రేటు సమానమైతే సరిపోదు, పని దినాలు కూడా కావాలి. 2014 నవంబరు నుంచి 2021 జూన్ వరకు మన మహిళల జట్టు ఒక్క టెస్టు కూడా ఆడలేదు. ఆరున్నరేళ్లు. అట్లాంటి కాలంలో టెస్టుకు 15 లక్షలని రాసినా, 15 కోట్లని రాసినా ఒకటే. ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లన్న మాట లేకుండా మ్యాచ్ ఫీజు గురించి ఒప్పుకోవడం ఎట్లాంటిదంటే, కూలి రేటు చెప్పి, నెలలో ఎన్ని రోజులు పని ఇస్తారో చెప్పకపోవడం లాంటిది. అడ్డా మీద నిలబడే కూలీకి ఈ తేడా బాగా తెలుసు.

ఇచ్చే తేదీ మాట కూడా అంతే ముఖ్యం. 2020 మార్చిలో మన అమ్మాయిలు టీ20 ప్రపంచ కప్ ఫైనల్ ఆడారు. రన్నరప్‌గా వచ్చిన 5 లక్షల డాలర్లలో వాళ్ల వాటా ఏడాది దాటినా చేతికి అందలేదు. 2021 మేలో పత్రికల్లో వార్త వచ్చాక కదలిక వచ్చింది. రాసిన గడువు ఉంటే గడువు గుర్తుచేస్తాం. గడువు లేకపోతే పత్రిక గుర్తుచేయాలి.

2023లో వచ్చిన మహిళల ప్రీమియర్ లీగ్ చాలా మార్చింది. అయిదేళ్ల ప్రసార హక్కులు 951 కోట్లకు, అయిదు జట్లు సుమారు 4,670 కోట్లకు అమ్ముడయ్యాయి. స్మృతి మంధానకు 3 కోట్ల 40 లక్షలు పలికాయి. మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి మొదట 55 లక్షలకు ఢిల్లీ జట్టులోకి వచ్చింది. 2025 ప్రపంచ కప్‌లో 14 వికెట్లు తీసి దేశానికి కప్ తెచ్చిన జట్టులో నిలిచాక, అదే ఢిల్లీ ఆమెను 1 కోటి 30 లక్షలకు తీసుకుంది. వింటుంటే కడుపు నిండుతుంది. కానీ మొదటి ఏడాది ఒక్కో మహిళా జట్టు ఆటగాళ్ల మీద పెట్టగల ఖర్చుకు పరిమితి 12 కోట్లు. అదే ఏడాది ఐపీఎల్‌లో 95 కోట్లు. ఆ 12 అన్న అంకె ఎట్లా వచ్చింది? ఆదాయంలో అది ఎంత శాతం? ఆటగాళ్ల తరఫున ఎవరైనా కూర్చుని అడిగారా? అడిగే సంఘమే లేదు. 2019లో వచ్చిన క్రికెటర్ల సంఘం రిటైరైన వాళ్లకే. ఇప్పుడు ఆడుతున్నవాళ్లకు, ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా, అందులో చోటు లేదు.

ఇక్కడ మీలో ఒకరు లేచి అడగొచ్చు. "ఆడవాళ్ల ఆటకు టికెట్లు తక్కువ అమ్ముడవుతాయి, ప్రకటనలు తక్కువ, మరి జీతం తక్కువే కదా న్యాయం?" ఇది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు, చర్చల్లో నేనే చాలాసార్లు వాడిన వాదన. దానికి సంఘం నాయకులు ఎప్పుడూ ఒకటే జవాబిచ్చేవారు: "అయితే లెక్కల పుస్తకం తెరవండి." ఆదాయం తక్కువైతే జీతం తక్కువే ఉంటుంది. కానీ ఆదాయంలో వాటా శాతం ఎందుకు తక్కువ ఉండాలి? అమెరికాలో ఎన్‌బీఏ పురుషుల బాస్కెట్‌బాల్‌లో లీగ్ ఆదాయంలో సుమారు సగం ఆటగాళ్లకు వెళ్తుంది. అది ఎవరి దయా కాదు, ఒప్పందంలో రాసి ఉంది. అక్కడి మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో పాత ఒప్పందం కింద వాటా ఆ దరిదాపుల్లో ఉండేది కాదు. కొత్త ప్రసార ఒప్పందాలతో లీగ్‌కు ఆదాయం బాగా పెరగబోతోందని తేలాక, 2024 అక్టోబరులో ఆటగాళ్ల సంఘం పాత ఒప్పందం నుంచి ముందుగానే తప్పుకుంది. 2025 జులైలో ఆల్‌స్టార్ మ్యాచ్‌కు ముందు ఆటగాళ్లంతా 'మాకు రావాల్సింది మాకివ్వండి' అనే అర్థం వచ్చే చొక్కాలు వేసుకుని గ్రౌండులోకి వచ్చారు. వాళ్లు అడిగింది మగవాళ్లంత జీతం కాదు, మగవాళ్లలాగే ఆదాయంలో వాటా.

ఒప్పందం రెండు వైపులా కోస్తుందని కూడా చెప్పాలి. అమెరికా మహిళల ఫుట్‌బాల్ జట్టు 2019 మార్చి 8న సమాన వేతనం కోసం దావా వేసింది. 2020 మేలో న్యాయమూర్తి ఆ వాదనను కొట్టేశారు. కారణం వినండి. పురుషుల ఒప్పందంలో ఆడితేనే పైసలు. మహిళలు తమ ఒప్పందంలో ఖాయమైన జీతం, బీమా లాంటి సదుపాయాలు ఎంచుకున్నారు. ఆ భద్రత కోరి తీసుకుని, ఇప్పుడు ఆ ఒప్పందం తమకు నష్టమనడం కుదరదన్నారు. అయినా వాళ్లు ఆగలేదు. 2022 ఫిబ్రవరిలో 2 కోట్ల 40 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ మేలో పురుషుల సంఘం, మహిళల సంఘం కలిసి 2028 దాకా సమాన ఒప్పందాలు చేసుకున్నాయి, ప్రపంచ కప్ బహుమతి సొమ్మును కూడా కలిపి పంచుకునేలా. మగ ఆటగాళ్లు ఒప్పుకోకపోతే అది జరిగేది కాదు. ఈ మాట మన సభలోని మగపిల్లలు కూడా గుర్తుపెట్టుకోవాలి.

టెన్నిస్‌లో ఈ దారి వేసింది తొమ్మిదిమంది. 1970లో ఒక టోర్నమెంటులో పురుషుల విజేతకు 12,500 డాలర్లు, మహిళల విజేతకు 1,500 పెట్టారు. బిల్లీ జీన్ కింగ్‌తో సహా తొమ్మిదిమంది, నిషేధం పడుతుందని తెలిసీ, హ్యూస్టన్‌లో ఒక్క డాలరుకు ఒప్పందం మీద సంతకాలు పెట్టి సొంత టోర్నమెంటు ఆడారు. 1973లో వాళ్ల సంఘం ఏర్పడింది. అదే ఏడాది యూఎస్ ఓపెన్ బహుమతులు సమానం చేసింది. వింబుల్డన్‌కు 2007 దాకా పట్టింది. మన సానియా మీర్జా 2015లో అక్కడ డబుల్స్ గెలిచినప్పుడు ఆమె జోడీకి వచ్చింది పురుషుల జోడీకి వచ్చినంత. ఆ చెక్కు వెనక నలభై అయిదేళ్ల బేరం ఉంది.

ఒప్పందం అంటే పైసలే కాదు. పాకిస్తాన్ క్రికెట్ బోర్డు 2021లో తల్లులయ్యే ఆటగాళ్లకు ఏడాది జీతంతో సెలవు, కాంట్రాక్టు కొనసాగింపు రాసిపెట్టింది. దాంతో కెప్టెన్ బిస్మా మారూఫ్ 2022 ప్రపంచ కప్‌కు చంటిపాపను ఎత్తుకుని వచ్చింది. ఆ నియమం లేకపోతే ఆమె ఆట ముగిసిపోయేదేమో.

నేను చెప్పదలచుకున్నది ఒక్క మాటలో ఇది. ప్రకటనతో వచ్చింది ప్రకటనతో పోవచ్చు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని రాసుకున్నది అట్లా పోదు. ఇచ్చేవాళ్ల మనసు మంచిదా కాదా అన్నది కాదు ప్రశ్న. మంచి మనసు మారిన రోజున పట్టుకోవడానికి చేతిలో కాగితం ఉందా అన్నది.

గురువులకు కూడా ఈ బాధ తెలియంది కాదు. 1988లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, ఉపాధ్యాయులు ఉద్యోగులే గానీ పారిశ్రామిక వివాదాల చట్టం అర్థంలో 'కార్మికులు' కారని చెప్పింది. పని ఉంది, యజమాని ఉన్నాడు, జీతం ఉంది, కానీ అప్పటి ఆ చట్టం తలుపు మూసి ఉండేది. ఆటగాళ్ల పరిస్థితీ ఇంచుమించు ఇదే. అందుకే వాళ్లకు చట్టం కన్నా ముందు సంఘం కావాలి, సంఘం వచ్చేదాకా చదివి చెప్పే మనిషి కావాలి.

దేశంలో ఆటగాళ్ల సంఘం పెట్టడం మనవల్ల కాదు. చదివి చెప్పడం అవుతుంది. మన సంఘంలో వకీళ్లున్నారు, చార్టర్డ్ అకౌంటెంట్లున్నారు, బ్యాంకు మేనేజర్లున్నారు, యూనియన్‌లో పనిచేసినవాళ్లున్నారు. నా ప్రతిపాదన: నెలలో ఒక ఆదివారం ఇద్దరు ఈ బడిలోనే కూర్చుందాం. మన బస్తీల్లో ఏ పిల్లకైనా అకాడమీ నుంచో, క్లబ్బు నుంచో, లీగ్ నుంచో, స్పాన్సర్ నుంచో కాగితం వస్తే, సంతకానికి ముందు ఆమె, అమ్మానాన్నలు వచ్చి చూపించుకోవచ్చు. ఫీజు లేదు.

ఆ కాగితాన్ని అయిదు ప్రశ్నలు అడుగుదాం. ఒకటి, ఒప్పుకుంటున్నది ఎవరు? పిల్లకు 18 నిండకపోతే ఆమె చేసే ఒప్పందం చట్టం ముందు చెల్లదు, తల్లిదండ్రుల సంతకం కావాలి, కాబట్టి వాళ్లు చదివి అర్థం చేసుకోవాలి. రెండు, ఎంత ఇస్తారు, ఏ తేదీలోగా ఇస్తారు, ఏడాదిలో ఎన్ని ఆటలు? మూడు, దెబ్బ తగిలితే వైద్యం ఎవరిది, ఆ నెలల జీతం సంగతేమిటి? నాలుగు, షరతులు మధ్యలో మార్చాలంటే ఆమె ఒప్పుకోవాలా, కనీసం ఆమెకు ముందు చెప్పాలా? అయిదు, ఆమె పేరు, ఫొటో ఎవరు ఎన్నాళ్లు వాడుకుంటారు, తగాదా వస్తే ఎక్కడ తేల్చుకోవాలి?

పీఈటీ సార్లకు, టీచర్లకు నా మనవి. ఎనిమిదో తరగతి నుంచే ఈ అయిదు ప్రశ్నలు పిల్లల నోట పలికించండి. ఆట నేర్పడానికి కోచ్‌లున్నారు. అడగడం నేర్పేది బడే. ఈ బడిలో మాకు అది నేర్పారు, క్లాసులో చెయ్యెత్తి "సార్, అర్థం కాలేదు" అంటే ఎవరూ కసురుకోలేదు. జీవితమంతా చర్చల గదుల్లో నాకు ఎక్కువగా పనికొచ్చిన వాక్యం అదే.

మొదటి ఆదివారానికి నా పేరు రాసుకోండి. నా పక్కన కూర్చోవడానికి ఒక వకీలు కావాలి. సభ అయ్యాక చాయ్ దగ్గర నన్ను కలవండి.